తీరానికి ఇసుక బాకీ

ఒక ఊరు కోతకు గురవుతుంది. మరోచోట కొత్తగా దీవి పుడుతుంది. ఒక రేవు పూడిపోతుంది. ఇంకో నగరానికి అడక్కుండానే బీచ్ పెరుగుతుంది. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే.. ఇసుక నడక! ఆ నడకకి ఒకచోట అడ్డుపడితే ఆ అవతలి ఊరు నష్టపోతుంది. బంగాళాఖాతం ఒడ్డున మన కోస్తా వందేళ్లుగా చెబుతున్న కథ ఇది.

ఉప్పాడ అనగానే చాలామందికి జాందానీ చీరలు గుర్తొస్తాయి. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కించుకున్న నేత అది. కానీ కాకినాడ చుట్టుపక్కల వాళ్లని అడిగి చూడండి. ఉప్పాడ అంటే వాళ్లు చెప్పే మొదటి మాట.. ‘కోత’.

తుఫాను పట్టిందంటే చాలు, కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు మీదికి కెరటాలు ఎక్కుతాయి. తారు లేచిపోతుంది. రాకపోకలు ఆపేస్తారు. వాయుగుండం దాటిపోయాక మళ్లీ రాళ్లు పోస్తారు, మళ్లీ రోడ్డు వేస్తారు. మరో తుఫానుకి కథ మళ్లీ మొదటికే. రోడ్డు సంగతి సరే.. ఒడ్డున ఇళ్లు పోగొట్టుకున్న మత్స్యకార కుటుంబాల మాటేమిటి? తాతల నాటి ఇల్లు ఎక్కడుండేదని అడిగితే నీళ్లవైపు చెయ్యి చూపించే పరిస్థితి. పడవలు లాగిపెట్టుకోవడానికి, వలలు ఆరేసుకోవడానికి, చేపలు ఎండబెట్టుకోవడానికి ఇసుక నేల కావాలి. అదే కరవైతే వేట సాగేదెలా?

‘సముద్రం మింగేసింది’ అనేస్తాం మనం. నిజానికి సముద్రం కొత్తగా చేసిందేమీ లేదు. వేల ఏళ్లుగా చేస్తున్న పనే చేస్తోంది. ఒడ్డున ఉన్న ఇసుకని కొంచెం కొంచెంగా తీసుకెళ్లి ముందున్న ఊరికి ఇస్తోంది. తేడా ఎక్కడ వచ్చిందంటే.. తీసుకెళ్లిన దాని స్థానంలో వెనక నుంచి రావాల్సిన ఇసుక రావడంలేదు.

బ్యాంకు ఖాతా లాంటిదే తీరం కూడా. జమ ఆగిపోయి ఖర్చు మాత్రం సాగుతుంటే ఎంతటి ఖాతా అయినా ఖాళీ కావాల్సిందే. మరి ఆ జమ ఎక్కడ ఆగింది?

కెరటం ఏటవాలు నడక

ఏ బీచ్‌కైనా వెళ్లినప్పుడు ఓ పది నిమిషాలు కెరటాలని గమనించండి. అవి ఒడ్డుకి తిన్నగా రావు. కాస్త ఏటవాలుగా వచ్చి తాకుతాయి. వచ్చేటప్పుడు ఇసుకని కూడా అదే వాలులో పైకి తోస్తాయి. వెనక్కి వెళ్లే నీళ్లు మాత్రం పల్లం ఎటుంటే అటు, అంటే తిన్నగా కిందికి జారతాయి. వాటితోపాటు ఇసుక రేణువు కూడా. మళ్లీ ఇంకో కెరటం ఏటవాలుగా తోస్తుంది.. మళ్లీ తిన్నగా జారుతుంది. ఇలా రంపం పళ్లలా వంకర టింకరగా నడుస్తూ ఇసుక ఒడ్డు వెంబడి ముందుకి సాగిపోతుంది. ఒక్కో రేణువు నడిచేది కొద్ది దూరమే కావచ్చు. కానీ రాత్రీ పగలూ ఆగని నడక అది. ఏడాది తిరిగేసరికి ఒకచోటు దాటి వెళ్లే ఇసుకని లెక్కేస్తే లక్షల టన్నులు తేలుతుంది.

మన తీరంలో ఈ నడక ఎటు? నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు దక్షిణం నుంచి వస్తాయి. ఇసుకని ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో దిక్కు మారుతుంది. ఇసుక దక్షిణానికి మళ్లుతుంది. అయితే మొదటి దానిదే పైచేయి. ఏడాది మొత్తానికి చూస్తే నెల్లూరు వైపు నుంచి శ్రీకాకుళం వైపు, అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక ప్రయాణిస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, కోస్తాలో ఎక్కడ ఒడ్డు పెరుగుతుందో ఎక్కడ కోస్తుందో చాలావరకు మనమే ఊహించొచ్చు.

దీనికి తోడు ఇసుకకి మరో రాకపోక కూడా ఉంది. సముద్రం పోటెత్తిన రోజుల్లో పెద్ద కెరటాలు ఒడ్డున ఉన్న ఇసుకని లాక్కెళ్లి కాస్త లోపల, నీళ్ల అడుగున దిబ్బగా పోస్తాయి. సముద్రం నెమ్మదించాక చిన్న అలలు దాన్నే మళ్లీ తెచ్చి ఒడ్డుకి చేరుస్తాయి. అందుకే ఒక నెలలో బీచ్ తగ్గిందని కంగారుపడక్కర్లేదు. తగ్గిన బీచ్ తిరిగి రాకపోతేనే కంగారుపడాలి.

త్రయంబకం నుంచి అంతర్వేది దాకా

ఇంత ఇసుక అసలు ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువ భాగం నదుల నుంచే. నాసిక్ దగ్గరి త్రయంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. దారిపొడవునా కొండల్ని అరగదీసి, చేలల్లోని మట్టిని కడుక్కుని, ఉపనదులు తెచ్చిన ఒండ్రునీ కలుపుకుని వస్తుంది. పాపికొండలు దాటి, ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి, ఆ బరువంతా తెచ్చి సముద్రం గుమ్మంలో దించేస్తుంది. కృష్ణమ్మదీ అదే కథ.

నిజానికి కోస్తా జిల్లాల్లో మనం నిలబడ్డ నేలలో పెద్ద భాగం ఇలా వచ్చిందే. దాదాపు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. విశాఖ ఒడ్డున నిలబడితే సముద్రం ఎక్కడో కిలోమీటర్ల దూరాన కనిపించేదన్నమాట. అప్పట్లో బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తిపోసి, కాలం ఎర్రగా మార్చింది. అలా తయారైనవే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. తర్వాత మంచు కరిగింది. సముద్రం పైకొచ్చింది. సుమారు 6 వేల ఏళ్ల కిందట దాదాపు ఇప్పటి మట్టానికి చేరి నెమ్మదించింది. అక్కడి నుంచి నదుల వంతు. తెచ్చిన ఒండ్రుతో సముద్రాన్ని వెనక్కి నెట్టడం మొదలుపెట్టాయి.

ఆ నెట్టుడికి సాక్షి కొల్లేరు. ఇప్పుడు సముద్రానికి దాదాపు 30 కిలోమీటర్ల లోపల ఉన్న ఈ సరస్సు ఒకప్పుడు సముద్రపు నీళ్లతో ముడిపడిన కయ్య. అటు కృష్ణ, ఇటు గోదావరి డెల్టాలు ముందుకి పెరిగాయి. మధ్యలో కొల్లేరు పల్లంలా మిగిలిపోయింది. ఉప్పుటేరు ఒక్కటే ఆ పాత బంధుత్వాన్ని నిలబెడుతోంది. డెల్టా గ్రామాల్లో అక్కడక్కడా ఒడ్డుకి సమాంతరంగా సాగే పొడవాటి ఇసుక మెరకలు కనిపిస్తాయి. అవి ఏ కాలానికి ఆ కాలం సముద్రపు ఒడ్డు ఎక్కడుండేదో చెప్పే గీతలు. మన భాష కూడా ఈ చరిత్రని దాచుకుంది. లంక, దివి, తిప్ప, మెరక, మొగ.. నీళ్లు, ఇసుక కలిసి చేసిన నేలకి ఎన్ని పేర్లో! నాగాయలంక, ఎదుర్లంక, బలుసుతిప్ప, దివిసీమ.. ఊరి పేరే ఆ నేల పుట్టుకని చెప్పేస్తుంది.

ఒండ్రు ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవద్దు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లని రంగూన్‌లో ‘కోరంగీలు’ అనే పిలిచేవాళ్లంటే ఆ ఊరి పేరు ఎంత మోగిందో అర్థమవుతుంది. 1839 నవంబరు తుఫాను ఆ రేవుని దెబ్బకొట్టింది. నది తెచ్చిన పూడిక మిగతా పని పూర్తిచేసింది. వ్యాపారం కాకినాడకి తరలిపోయింది. రేవుని ఇవ్వడం, తీసుకోవడం రెండూ ప్రకృతికి తెలుసు.

నది చేతులు కట్టేస్తే..

వేల ఏళ్లు ముందుకి సాగిన డెల్టా ఇప్పుడు వెనక్కి నడుస్తోంది. ఆంధ్రా విశ్వవిద్యాలయానికి చెందిన కె.నాగేశ్వరరావు, సహ పరిశోధకులు పాత పటాలనీ ఉపగ్రహ చిత్రాలనీ పక్కపక్కన పెట్టి చూశారు. 2010లో ప్రచురించిన ఆ అధ్యయనం చెప్పేదేమిటంటే.. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరం వెంబడి, పెరిగింది పోగా నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది. ఎకరాల్లో చెప్పుకోవాలంటే దాదాపు 19 వేలు! 1965-90 మధ్య ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లుగా ఉన్న కోత 1990 తర్వాత 2 చదరపు కిలోమీటర్లు దాటిపోయింది.

ఎందుకిలా? జవాబు కూడా అదే అధ్యయనంలో ఉంది. 1970లలో గోదావరి ఏటా సుమారు 150 మిలియన్ టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-06 నాటికి అది 57 మిలియన్ టన్నులకి పడిపోయింది. కృష్ణ పరిస్థితి మరీ ఘోరం. 1960ల చివర్లో 9 మిలియన్ టన్నులు తెచ్చిన నది 2000-05 నాటికి ఏటా 0.4 మిలియన్ టన్నులకి దిగజారింది. నది తెచ్చే ప్రతి వంద బస్తాల్లో తొంభై అయిదుకి పైగా దారిలోనే దింపేసుకున్నట్లు!

దింపుకున్నవి జలాశయాలే. పారే నీటికే మట్టిని మోసే బలం ఉంటుంది. ఆనకట్ట వెనక నీరు నిలవగానే ఆ బలం పోతుంది, మట్టి అడుగుకి చేరుతుంది. జలాశయాల్లో పూడిక పేరుకుంటోందని తరచూ వింటుంటాం. ఆ పూడికలో కొంత నిజానికి తీరానికి చేరాల్సిన సొత్తు. నాగార్జునసాగర్, శ్రీశైలం, జైక్వాడి, శ్రీరామసాగర్.. ఎగువన ఒక్కో ప్రాజెక్టూ వచ్చేకొద్దీ కింద డెల్టాకి ఒండ్రు తగ్గింది. దానికితోడు నదీగర్భంలోని ఇసుకని లారీలు తరలించుకుపోతున్నాయి. ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి ఇసుక కావాలి, కాదనలేం. కానీ ఆ లారీ ఇసుక సముద్రం ఒడ్డున ఇంకెవరి ఇంటి పునాదో అన్న సంగతి మన లెక్కల్లోకి రాదు.

ఇక్కడ ఓ చిక్కుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాకే గోదావరి జిల్లాలు అన్నపూర్ణగా మారాయి. కోనసీమలో ఆయనకి విగ్రహాలు పెట్టి దండలు వేస్తున్నారంటే ఊరికే కాదు. సాగర్ లేని పల్నాడునీ ఊహించలేం. ప్రాజెక్టులు వద్దని ఎవరూ అనరు. కాకపోతే నీళ్ల పంపకాల్లో ఎకరాకెంత, టీఎంసీకెంత అని లెక్కలు కట్టిన మనం.. సముద్రం ఒడ్డుకి వెళ్లే మట్టిని మాత్రం ఏ లెక్కలోనూ రాసుకోలేదు.

పైగా డెల్టా నేల గట్టి రాయి కాదు. మెత్తటి ఒండ్రు. తన బరువుకి తనే నెమ్మదిగా అణిగిపోతుంటుంది. ఏటా వరదలు కొత్త పొర వేసినన్నాళ్లూ ఆ తేడా తెలియలేదు. ఇప్పుడు పొర పడటంలేదు, అణగడం ఆగలేదు. మరోవైపు భూతాపంతో సముద్రమట్టం ప్రపంచవ్యాప్తంగా ఏటా 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. నేల కిందికి, నీరు పైకి. మధ్యలో ఊళ్లు!

రేవు కట్టారు.. బీచ్ వచ్చింది, పోయింది!

తీరాన్ని మనిషి ఎలా మార్చగలడో చూడాలంటే ఒకప్పటి మన రాజధాని మద్రాసు వెళ్లాలి. తెలుగువాళ్లు సాయంత్రంపూట షికారు చేసిన మెరీనా బీచ్ అంత వెడల్పుగా మొదటినుంచీ లేదు. 1870లలో అక్కడ కృత్రిమ రేవు కట్టడం మొదలుపెట్టారు. అలల్ని ఆపడానికి సముద్రంలోకి గోడలు కట్టారు. దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుక ఆ గోడ దగ్గర ఆగిపోయింది. ఏడాదికేడాది పేరుకుంటూ మెరీనా విశాలమైన బీచ్‌గా మారింది. మరి గోడకి అవతల? ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం ఊళ్లమీదికి వచ్చేసింది. అక్కడ దశాబ్దాలుగా రాళ్లు పోస్తూనే ఉన్నారు. ఒకరికి విహారస్థలం, ఇంకొకరికి విషాదం. కారణం మాత్రం ఒకే గోడ.

ఆ అనుభవం విశాఖలో అక్కరకొచ్చింది. 1933లో మొదలైన విశాఖ రేవుకి డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక కాపలా. అయినా ఇసుక వచ్చి ముఖద్వారాన్ని పూడ్చేయకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడారు ఇంజినీర్లు! అక్కడ ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి, రేవుకి అవతల ఉత్తరాన ఉన్న బీచ్‌కి చేర్చే ఏర్పాటు పెట్టుకున్నారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాకా ఈ అవసరం తీరలేదు. అంటే ఆర్కే బీచ్‌లో పిల్లలు గూళ్లు కట్టుకునే ఇసుకలో కొంత డ్రెడ్జర్ తెచ్చి పోసిందే. ఆ సరఫరా సరిగ్గా సాగకపోతేనో, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫాను విరుచుకుపడితేనో ఒడ్డు కోసుకుపోయి బీచ్ రోడ్డు దాకా ప్రమాదం వస్తుంది.

అయినా విశాఖ చెప్పే పాఠం ఒకటుంది. నడిచే ఇసుకకి అడ్డుపడినప్పుడు దాన్ని చేత్తో అవతలికి దాటించే బాధ్యత కూడా అడ్డుపడిన వాళ్లదే!

ఉప్పాడ చిక్కుముడి

ఇప్పుడు మళ్లీ ఉప్పాడ దగ్గరికి వద్దాం. కాకినాడ ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ ఉంది. తోకకప్పలా ఉండే ఈ ఇసుక తిన్నె వయసు రెండు వందల ఏళ్లకు మించదు. గౌతమి పాయ తెచ్చిన ఒండ్రుని కెరటాలు ఉత్తరానికి తోసుకుంటూ వచ్చి పోగేసిన దీవి ఇది. పొడవు 16 కిలోమీటర్ల పైమాటే. కాకినాడ నగరానికీ రేవుకీ ఇది కంచుకోట లాంటిది. పెద్ద కెరటాల్ని తన ఒంటిమీద కాచుకుని వెనకున్న నీళ్లని ప్రశాంతంగా ఉంచుతుంది. దీవి వెనక అఖాతంలో బురద పేరుకుంటోంది. కోరంగి మడ అడవులు ఆ బురదలోనే వేళ్లూనుకున్నాయి.

కాకినాడకి వరమైన ఈ దీవే ఉప్పాడకి శాపమైంది. ఉత్తరానికి వెళ్లాల్సిన ఇసుకలో చాలాభాగం దీవి కొసలో, అఖాతంలో ఆగిపోతోంది. దానికితోడు దీవి కొసని చుట్టుకుని వంగివచ్చే కెరటాల బలం ఉప్పాడ వైపు కేంద్రీకృతమవుతోందని పరిశోధకులు చెబుతారు. రేవు కోసం కట్టిన అడ్డుకట్టలు, ఓడల దారి కోసం తీసే పూడిక కూడా ఇసుక నడకని మారుస్తాయి. ఇక ఎగువన గోదావరి తెచ్చే ఒండ్రే మూడోవంతుకి చేరువగా పడిపోయిందాయె! కొంత ప్రకృతి చేసింది, కొంత మనిషి చేశాడు. రెండూ వచ్చి ఉప్పాడ గుమ్మంలో కలిశాయి.

గోడ కట్టేస్తే పోలేదా?

మొదట అందరికీ తట్టే ఆలోచన అదే. ఉప్పాడలోనూ చేశారు. బండరాళ్లు పోశారు. 2010 ప్రాంతంలో జియోట్యూబ్‌లతో రక్షణ కట్ట వేశారు. జియోట్యూబ్ అంటే గట్టి వస్త్రంతో కుట్టిన భారీ గొట్టంలో ఇసుక నింపి ఒడ్డున దిండులా పరచడం. కొన్నాళ్లు కాసింది. తర్వాత తుఫానుల తాకిడికి చిరుగులు పడి, కుంగి, దెబ్బతింది.

గోడల సంగతిలో సముద్రం తీరే వేరు. ఇసుక ఒడ్డు మెత్తటి పరుపులాంటిది. కెరటం దానిమీద పాకి, అలసి, వెనక్కి వెళ్తుంది. రాతిగోడ అలా కాదు. కెరటం బలంగా కొట్టుకుని అంతే బలంగా వెనక్కి మళ్లుతుంది. ఆ విసురుకి గోడ మొదట్లో ఉన్న ఇసుక కోసుకుపోతుంది. ముందు బీచ్ పోతుంది, తర్వాత గోడ పాదం కుంగుతుంది. గోడ ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి పక్క ఊరికి కోత మొదలవుతుంది. ఆ ఊరి వాళ్లూ గోడ అడుగుతారు. అలా గోడ పొడవు పెరుగుతూ పోతుందే తప్ప ఒక్క రేణువు ఇసుక కూడా కొత్తగా రాదు.

అలాగని గోడలే వద్దని కాదు. రేపటి తుఫానుకి ఇల్లు పోయే కుటుంబానికి ఇసుక లెక్కలు చెబితే కడుపు నిండదు. అక్కడ రాయి కావాల్సిందే. అయితే అది ప్రథమ చికిత్స. వైద్యం వేరే ఉంది.

బాకీ తీర్చే దారి

తూర్పుతీరంలోనే మరో చోట చేసి చూపించారు. మన యానాం ఏ కేంద్రపాలిత ప్రాంతంలో ఉందో ఆ పుదుచ్చేరిలో. 1980ల చివర్లో అక్కడ రేవు గోడలు కట్టాక నగరం ముందున్న ఇసుక బీచ్ మాయమైంది. ఒక తరం పిల్లలు రాళ్లగుట్టనే బీచ్ అనుకుంటూ పెరిగారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) నిపుణులు 2018లో అక్కడ నీళ్ల అడుగున ఉండేలా ఉక్కుతో కృత్రిమ దిబ్బ అమర్చారు. కెరటాల జోరుని అది లోపలే తగ్గిస్తుంది. ఇసుక కూడా తెచ్చిపోశారు. బీచ్ తిరిగొచ్చింది!

నెదర్లాండ్స్‌ది ఇంకో పద్ధతి. దేశంలో పెద్ద భాగం సముద్రమట్టం కంటే పల్లంలో ఉన్న వాళ్లకి గోడలు కట్టడం వెన్నతో పెట్టిన విద్య. అలాంటివాళ్లు 2011లో హేగ్ నగరం దగ్గర ఒడ్డున ఒకేచోట 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుకని గుట్టగా పోసి ఊరుకున్నారు. దాన్ని చుట్టుపక్కల తీరానికి పంచే పని కెరటాలకే వదిలేశారు. సముద్రంతో పోట్లాడకుండా దానిచేతే పని చేయించుకోవడమన్నమాట.

మనకి ఖర్చులేని కాపలాదారులు కూడా ఉన్నారు. మడ చెట్ల వేళ్లు బురదని పట్టి ఉంచుతాయి, కెరటాల వేగాన్ని తగ్గిస్తాయి. ఒడ్డున ఇసుక దిబ్బలు సముద్రం దాచుకున్న నిల్వలాంటివి. తుఫాను వేళ ఆ ఇసుకే ముందు బలై వెనకున్న ఊరిని కాస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెన పది వేల మంది ప్రాణాలు తీసింది. పల్లపు నేల, దానికీ సముద్రానికీ మధ్య చాలినంత అడ్డు లేకపోతే ఏమవుతుందో అంతకన్నా కఠినంగా ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత ఏడాదే కోరంగిని అభయారణ్యంగా ప్రకటించారు. అయినా మడ అడవులు కొట్టి రొయ్యల చెరువులు తవ్వడం, దిబ్బలు చదును చేసి రిసార్టులు కట్టడం ఆగలేదు. 1991 నుంచీ తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలున్నాయి. 2011లో, 2019లో మార్చారు కూడా. కాగితం మీది గీతని గౌరవించడమే మిగిలింది.

ఇవన్నీ ఇప్పుడెందుకంటే.. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట. 2020లలో మూడుచోట్లా కొత్త రేవుల పనులు మొదలయ్యాయి. చేపల రేవులు అదనం. ఉద్యోగాలొస్తాయి, వ్యాపారం పెరుగుతుంది, మంచిదే. ప్రతి రేవుకీ సముద్రంలోకి గోడలుంటాయి. ప్రతి గోడకీ దక్షిణాన ఇసుక ఆగుతుంది, ఉత్తరాన తగ్గుతుంది. ఇది జోస్యం కాదు.. మద్రాసులో దాదాపు నూట యాభై ఏళ్లుగా కళ్లముందున్న సత్యం. ఆగిన ఇసుకని ఏటా తోడి అవతలికి చేర్చే ఖర్చుని రేవు నిర్వహణలోనే కలపాలి. ఉత్తరాన ఉన్న పల్లెల ఒడ్డుని ఏటా కొలిచి, ఆ కొలతల్ని ఆ ఊళ్ల పంచాయతీ గోడమీదే రాయాలి. అప్పుడు ఇల్లు కూలకముందే బాకీ ఎంతో, బాకీదారు ఎవరో తెలుస్తుంది.

మన దేశ తీరంలో మూడోవంతు 1990-2018 మధ్య కోతకు గురైందని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్కతేల్చింది. అంటే ఉప్పాడ ఒంటరి కాదు. ఒడ్డున బతికేవాళ్లు అడుగుతున్నది సముద్రాన్ని ఆపమని కాదు. వాళ్ల వాటా ఇసుకని వాళ్లదాకా రానివ్వమని!

ఒడ్డు చెప్పే గుర్తులు

* బీచ్‌లో అడ్డుగోడ కనిపిస్తే రెండు వైపులా చూడండి. ఇసుక ఎత్తుగా ఉన్న వైపు నుంచి ఇసుక వస్తున్నట్లు. పల్లంగా ఉన్న వైపు నష్టపోతున్నట్లు.
* ఒడ్డున హఠాత్తుగా నల్ల ఇసుక పరుచుకుందా? తేలికైన తెల్ల ఇసుకని కెరటాలు పట్టుకుపోయి, బరువైన ఖనిజాల ఇసుకని మిగిల్చాయన్నమాట. కోత జరిగిందనడానికి అదో సూచన.
* సరుగుడు, కొబ్బరి చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నా, ఒడ్డు మెట్టులా తెగి ఉన్నా తీరం వెనక్కి జరుగుతోందని అర్థం.
* దిబ్బలమీద అల్లుకునే తీగల్ని పీకేయకండి. గాలికి ఎగిరే ఇసుకని పట్టి ఉంచేవి అవే.

తీరం పొడవు పెరిగిందా?

చిన్నప్పుడు పాఠ్యపుస్తకాల్లో దేశ తీరరేఖ పొడవు 7,516 కిలోమీటర్లని, ఆంధ్రప్రదేశ్‌ది 974 కిలోమీటర్లని చదువుకున్నాం. కొత్త కొలతల ప్రకారం దేశానిది 11,098 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌ది 1,053 కిలోమీటర్లు. ఇదేదో కొత్తగా నేల వచ్చి కాదు. 1970లలో స్థూలంగా కొలిచారు. ఇప్పుడు ప్రతి మొగనీ కయ్యనీ మలుపునీ వదలకుండా సూక్ష్మంగా కొలిచారు. కొలబద్ద ఎంత చిన్నదైతే తీరం అంత పొడవుగా తేలుతుంది. తీరం సరళరేఖ కాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?